మజిలీ లేని దారి: రహదారులు వేసే పెద్దలకు బహిరంగ లేఖ

జాతీయ రహదారుల ప్లాన్లు గీసే ఇంజనీర్లకు, వాటికి అనుమతులిచ్చే అధికారులకు, టోలు వసూలు చేసుకుంటూ దారి బాగోగులు చూసే కాంట్రాక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నాది అనంతపురం. ఉద్యోగం హైదరాబాదులో. పద్దెనిమిదేళ్లుగా ఏడాదికి ఐదారుసార్లు అమ్మానాయనలతో కలిసి 44వ నంబరు జాతీయ రహదారి మీద పోయి వస్తున్నాను. 2010లో నంబర్లు మార్చక ముందు, దాన్ని అందరం 7వ నంబరు రోడ్డు అని పిలిచే రోజుల నుంచీ నాకు ఆ దారి తెలుసు. రోడ్డు చాలా బాగుపడింది. ఎదురుగా వచ్చే లారీల లైట్లకు కళ్లు చిట్లించుకుంటూ రాత్రంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయే అవస్థ తప్పింది. అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఇక విషయానికి వస్తాను.

ఆ దారి పక్కన ఒక వేపచెట్టు ఉండేది. రోడ్డుకు ఇరవై ముప్పై అడుగుల లోపల, ఒక చిన్న కల్వర్టు దాటగానే. ప్రతిసారీ అక్కడే ఆగేవాళ్లం. కారు ఇంజను ఆపేవాళ్లం. అమ్మ చాప పరిచి సద్ది విప్పేది. చిత్రాన్నం, పెరుగన్నం, శెనక్కాయల పొడి. నాయన చెట్టు మొదలుకు ఆనుకుని కాళ్లు చాపుకునేవారు. ఎదురుగా జొన్నచేను, దాని వెనక పొడుగ్గా పడుకున్న గుట్టలు. తరవాతి ఏళ్లలో ఆ గుట్టల మీద గాలిమరలు వచ్చాయి. అంత దూరం నుంచి వాటి చప్పుడు వినపడదు, రెక్కలు తిరగడం మాత్రం కనపడుతుంది. మొదటి ఐదు నిమిషాలూ చెవుల్లో ఇంకా రోడ్డు హోరే ఉంటుంది. ఆ తరవాత ఒక్కొక్కటే వినిపిస్తాయి: చేలో జొన్నాకు రాపిడి, ఎక్కడో గొర్రెల మంద, కొమ్మ మీద ఉడత. ఇరవై నిమిషాలు. లేచి బండెక్కేసరికి నాయన ముఖంలో అలసట ఉండేది కాదు.

ఒక ఏడాది పోయేసరికి మొద్దు మిగిలింది. మరుసటేడు మొద్దూ లేదు, కంకర కుప్ప ఉంది. చెట్టు ఎందుకు కొట్టారని, దానికి బదులు ఎక్కడ నాటారని అడుగుతూ సంబంధిత కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను. ఒకసారి ఫోను చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. పన్నెండు రోజుల తరవాత ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. ఉత్తరాలకు ఇప్పటికీ జవాబు లేదు. ఆ కార్యాలయం పేరు, ఆ చోటు పేరు ఇక్కడ రాయను. ఒక్క చెట్టుకు ఒక్క అధికారిని నిలదీస్తే నా పని తీరదు. ఎన్ని కుటుంబాలకు ఇలా ఒక్కో చెట్టు పోయిందో మీరే లెక్కవేయాలని అందరి ముందూ అడుగుతున్నాను.

ఆ దారిలో ఏముందో మీకు చెప్పాలి. ప్లాను గీసేటప్పుడు మీకు అది కిలోమీటరు రాళ్ల వరసగా కనపడుతుందేమో. మాకలా కనపడదు.

తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాదులో బయలుదేరితే, పొద్దు పొడిచే వేళకు బీచుపల్లి దగ్గర కృష్ణ వస్తుంది. వానాకాలంలో జూరాల గేట్లు ఎత్తినప్పుడు ఎర్రనీళ్లు ఒడ్డుకొడ్డు పారుతుంటాయి. ఎండాకాలంలో నది అడుగున బండలు బయటపడి, వాటి సందుల్లో నీటిపాయలు వెండి తీగల్లా మెరుస్తాయి. అక్కడ ఆంజనేయస్వామి గుడి ఉంది కాబట్టి దిగి, ఒడ్డున కాసేపు కూర్చునే వీలుంది. ఆ వీలు స్వామి ఇచ్చింది. రోడ్డు వేసినవాళ్లు ఇచ్చింది కాదు. కృష్ణ దాటితే నడిగడ్డ. రెండు నదుల మధ్య నేల, అటూ ఇటూ చేలు. కాసేపటికి తుంగభద్ర. దాని అవతల కర్నూలు. 2009 అక్టోబరులో ఆ ఊరిని ముంచిన వరద గుర్తున్నవాళ్లు ఆ నదిని ఊరికే దాటలేరు. ఒక్క నిమిషం ఆగి చూడాలనిపిస్తుంది. ఆగే చోటు లేదు. వంతెన మీద ఆగకూడదు, అది నిజమే. వంతెన దాటాక అయినా ఉండాలి కదా.

కర్నూలు దాటాక దారి రంగు మారుతుంది. వెల్దుర్తి, డోన్, ప్యాపిలి మీదుగా నేల కాసేపు నల్లగా, కాసేపు ఎర్రగా, గుట్టలు దగ్గరకొచ్చి మళ్లీ దూరం జరుగుతూ ఉంటాయి. సెప్టెంబరులో ఒకసారి అక్కడ దూరంగా వాన నడిచి రావడం చూశాను. ఆకాశం నుంచి నేల దాకా బూడిదరంగు తెర. మా మీద ఎండ, అరమైలు అవతల వాన. కారు ఆపడానికి చోటు కోసం వెతుకుతూ వెతుకుతూ నాలుగు కిలోమీటర్లు పోయాం. చోటు దొరికేసరికి వాన కొండ వెనక్కి వెళ్లిపోయింది. తరవాత గుత్తి కోట. దూరం నుంచి రాతికొండకు గోడలు అతుక్కుని కనపడుతుంది. పామిడి దగ్గర పెన్న, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుక కూడా అందమైనదే. అనంతపురం వాళ్లకు ఇసుక కనపడితే నది కనపడినట్టే.

ఇదంతా వంద కిలోమీటర్ల వేగంతో అద్దంలోంచి జారిపోతుంది.

గుత్తికి దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది. బండల మీద బ్రాహ్మీ లిపిలో అశోకుడి శాసనాలున్నాయి. మొత్తం పద్నాలుగు శిలాశాసనాలూ అక్కడ చెక్కించారు. అందులో రెండోది మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు నాటించడం గురించి చెబుతుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, ఇదే నేల మీద, దారి అంటే ఏమిటో ఒక రాజు రాయి మీద రాయించిపెట్టాడు. నీడా నీళ్లూ దారిలో భాగమని, పశువుకు కూడా అందులో వంతు ఉందని. ఆ బండలకు దగ్గర్లోంచే ఈనాడు నాలుగు వరసల రోడ్డు పోతోంది.

అంత పాత సంగతి వద్దనుకుంటే, 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలుచుకోండి. హైదరాబాదు మీదుగా పోయి, ఏడాదికి పైగా తిరిగి ఇల్లు చేరారు. ఆయన రాసుకున్న యాత్రా డైరీలో దారి అంటే మజిలీల వరస. ఈ ఊళ్లో దిగడానికి చోటుందా, నీళ్లు దొరుకుతాయా, నీడ ఉందా అని ప్రతిచోటా చూసి రాసుకున్నారు. మీ దస్త్రాల్లో మజిలీ అన్న మాట ఉందా?

నాయన చిన్నప్పుడు మా రోడ్ల పక్కన చింతచెట్లుండేవట. మొదళ్లకు సున్నం కొట్టి, మధ్యలో ఎర్రమట్టి పట్టీ పూసి, దాని మీద నంబరు రాసేవారు. ఏటా కాయలు వేలం వేసేవారు. నంబరు ఉంది కాబట్టి చెట్టుకు లెక్క ఉండేది. లెక్క ఉంది కాబట్టి, పోతే అడిగేవాళ్లుండేవారు. ఇప్పుడు డివైడరులో గన్నేరు, కాగితప్పూలు పెంచుతున్నారు. పూలు బాగుంటాయి, రాత్రిపూట ఎదుటి లైట్లు కళ్లలో పడకుండా ఆపుతాయి. వాటిని కాదనను. కానీ ఏ మనిషీ డివైడరులో కూర్చుని అన్నం తినలేడు.

ఆగే చోటు లేకపోవడం వల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా రాస్తున్నాను.

1. ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తున్నారు. నాకు తెలిసిన ఆడవాళ్లలో చాలామంది ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. నేనూ అంతే. ఆరేడు గంటలు గొంతు ఎండబెట్టుకుని, ఊరు చేరాక మంటతో, తలనొప్పితో పడుకుంటాం. ఒకసారి దారిపక్క ఒక హోటల్లో మరుగుదొడ్డికి పోబోతే, ముందు ఏదైనా కొనమన్నారు. కొన్నాను. లోపల గడియ లేదు, నీళ్లు లేవు. అమ్మ బయట తలుపు పట్టుకుని నిలబడింది. ఆమెకు అరవై తొమ్మిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. నెలసరిలో ఉన్న ఆడపిల్లల సంగతి నేను విడిగా చెప్పనక్కరలేదనుకుంటాను.

2. ముసలివాళ్లు ప్రయాణాలు మానుకుంటున్నారు. నాయనకు చక్కెర జబ్బు. గంటకోసారి దిగాలి. ఒకరోజు రోడ్డు అంచునే ఆపాల్సివచ్చింది. పక్కనుంచి పోయిన లారీ గాలికి ఆయన తూలిపడబోయారు. వెంటనే గస్తీ బండి వచ్చి ఇక్కడ ఆపకూడదు, తీయండి అంది. వాళ్లన్నది న్యాయమే. మరి ఎక్కడ ఆపాలి అని నాయన అడిగితే, చెప్పడానికి వాళ్ల దగ్గరా జవాబు లేదు. ఆ రోజు నుంచీ ఊరికి పోదామంటే ఆయన వెనకాడుతున్నారు. తన ఊరికి, తన అన్నదమ్ముల దగ్గరికి.

3. లారీ డ్రైవర్లకు నిద్ర లేదు. ఇది అన్నిటికన్నా పెద్దది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025 నవంబరు దాకా అమల్లో ఉండేది. మామూలుగా రోజుకు 8 గంటలకు మించి పని చేయించకూడదని, ఏకబిగిన 5 గంటలు దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలని అందులో ఉండేది. ఆ అరగంట ఎక్కడ తీసుకోవాలో చెప్పాల్సింది మీరు. వేసవిలో ఒక మధ్యాహ్నం, లారీ కింద గోనెపట్టా పరుచుకుని పడుకున్న డ్రైవరుతో మాట్లాడాను. ఆ వేడికి నేల కాలుతోంది. ‘నిద్రొస్తే బండి ఆపమని బోర్డు పెడతారు గదక్కా. యాడ ఆపాల?’ అన్నాడు. చోటు లేక రోడ్డు అంచున నిలిపిన లారీని రాత్రి వెనకనుంచి ఇంకో బండి గుద్దిన వార్త మనం ఎన్నిసార్లు చదవలేదు? 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఇదే దారిలో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. ఆ ప్రమాదం తీరు వేరు, దాన్ని నా వాదనకు వాడుకోను. కానీ అక్కడికి రాగానే మా కారులో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. వాళ్ల కోసం దిగి ఒక్క క్షణం నిలబడదామన్నా నీడ ఉన్న చోటు ఎక్కడ?

4. పిల్లలకు దారి తెలియడం లేదు. మా అక్క కొడుకుకు పదకొండేళ్లు. ఇరవైసార్లు ఈ దారిలో వచ్చి ఉంటాడు. కృష్ణ ఎక్కడ దాటామో, పెన్న ఎక్కడ దాటామో చెప్పలేడు. వాడి తప్పేం లేదు. కారు దిగి రాయి విసరని నది పిల్లలకు గుర్తుండదు. ఫోనులో తల దించుకున్నాడని వాణ్ని తిట్టే ముందు, తల ఎత్తితే ఏం చూపిస్తున్నామో పెద్దవాళ్లం ఆలోచించాలి.

5. పాలమూరు వైపు శీతాకాలం మొదలవుతూనే సీతాఫలాల గంపలతో ఆడవాళ్లు రోడ్డు అంచున కూర్చుంటారు. బండ్లు దూసుకుపోయే చోట, పసిపిల్లలను పక్కన పెట్టుకుని. కొనేవాడు ఠక్కున బ్రేకు వేస్తాడు, వెనకవాడు హారను కొడతాడు. లోపలికి జరిపి ఒక చోటు చూపిస్తే వాళ్ల బేరమూ సాగుతుంది, ప్రాణమూ నిలుస్తుంది.

ఇవన్నీ గొంతెమ్మ కోరికలని మీరనవచ్చు. అందుకే మీరు పెట్టుకున్న నియమాలనే మీకు గుర్తు చేస్తున్నాను. 2008 నాటి టోలు నిబంధనల ప్రకారం ఒకే దారిలో రెండు టోల్ గేట్ల మధ్య మామూలుగా 60 కిలోమీటర్ల దూరం ఉండాలి. రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి. హైదరాబాదు నుంచి మా ఊరు చేరేలోపు ఐదుచోట్ల కడతాం. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, క్షణాల్లో డబ్బు కోసుకుంటుంది. డబ్బు తీసుకోవడానికి అంత కచ్చితంగా దూరం కొలిచినవాళ్లు, సేదతీరడానికి కొలవలేరా? 40 నుంచి 60 కిలోమీటర్లకొకటి చొప్పున దారి వసతులు కట్టాలని కేంద్రం తానే అనుకుంది. 2015 హరిత రహదారుల విధానంలో ప్రాజెక్టు ఖర్చులో 1 శాతం మొక్కలకూ వాటి పోషణకూ తీసిపెట్టాలని రాసుకుంది. కొత్త చట్టాలు చేయమని నేను అడగడం లేదు.

దారి పొడవునా హోటళ్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. మా జీతానికి అప్పుడప్పుడు ఆగగలం. నలుగురు దోసె తిని కాఫీ తాగితే అయ్యే బిల్లు, మోటారు సైకిలు మీద భార్యాపిల్లలతో కర్నూలు నుంచి డోన్ పోయే కూలీకి ఒక పూట కూలి. పైగా అక్కడ పాటల మోత, జనరేటరు మోత. రోడ్డు హోరు నుంచి తప్పించుకుని ఇంకో హోరులోకి పోవడమే. ఇల్లు వదిలి సొంతూరికి పోయే మనిషి, అందులోనూ చావు కబురు విని పోతున్న మనిషి, మాటల్లేకుండా పది నిమిషాలు కూర్చోగల చోటు ఒకటుండాలి. మా పెద్దనాయన పోయినప్పుడు అమ్మ అలాంటి చోటు కోసం కళ్లతో వెతకడం నేను చూశాను.

భూమి లేదంటారేమో. దారి పాతది వదిలి కొత్తది వేసినచోట్ల పాత రోడ్డు ముక్కలు మిగిలిపోయి ఉంటాయి. కొన్నిటి పక్కన పాత చెట్లు కూడా మిగిలాయి. అడుగు భూమి కొనకుండా వాటినే ఆగే చోట్లుగా మార్చవచ్చు. ముందు వాటి జాబితా తయారు చేయండి.

మాకు కావలసినవి ఇవీ:

1. రెండు టోల్ గేట్ల మధ్య రోడ్డుకు ఇటొకటి, అటొకటి, డబ్బు అడగని ఆగే చోటు. రోడ్డు నుంచి విడిగా లోపలికి, కార్లకు వేరు, లారీలకు వేరు. నీడ, తాగునీళ్లు, కూర్చోవడానికి అరుగులు, గడియ పడే తలుపులున్న ఆడవాళ్ల మరుగుదొడ్లు, రాత్రి దీపం. పాటల పెట్టెలు, జనరేటర్లు, పెద్ద పెద్ద ప్రకటనల బోర్డులు అక్కడ వద్దు. కిలోమీటరు ముందే తెలుగులో బోర్డు పెట్టాలి.

2. కృష్ణ, తుంగభద్ర, పెన్న దాటే మూడుచోట్లా వంతెనకు దూరంగా, నది కనపడేలా ఒక్కో దిగుడు చోటు. గుత్తి కోట కనపడే మలుపులో ఒకటి. ఎర్రగుడికి ఎటు తిరగాలో రహదారి మీదే పెద్ద అక్షరాల బోర్డు.

3. రోడ్డు వెలుపలి అంచున వేప, చింత, కానుగ, రావి, మర్రి. పూలపొదలు డివైడరులో ఉండనివ్వండి. ప్రతి చెట్టుకూ మళ్లీ నంబరు వేయండి. ఎన్ని కొట్టారు, ఎన్ని నాటారు, మూడేళ్ల తరవాత ఎన్ని బతికాయి అన్న లెక్క ప్రతి టోల్ గేటు దగ్గరా రాసిపెట్టండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదపురుగు పట్టి కొమ్మ విరిగితే, 2018లో సెలైను సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించుకున్నాం. హైదరాబాదు దగ్గర చేవెళ్ల రోడ్డు పక్కనున్న మర్రిచెట్లను కాపాడుకోవడానికి జనం హరిత ట్రైబ్యునల్ దాకా పోయారు. చెట్టు మీద ప్రేమ జనానికి ఎప్పుడూ తగ్గలేదు.

4. రేపు ఎక్కడ రోడ్డు వెడల్పు చేసినా, గొడ్డలి పడకముందే చెట్ల జాబితా ఆ ఊరి పంచాయతీలో అంటించాలి. ఊరివాళ్లు ఎక్కడ కూర్చుంటారో, బాటసారులు ఎక్కడ ఆగుతారో వాళ్లనే అడగాలి.

5. ఫిర్యాదు మూసేముందు ఏం చేశారో ఒక్క వాక్యం రాయాలి. ఈ లేఖకు 30 రోజుల్లో జవాబు కావాలి. కుదరదంటే ఏది కుదరదో, ఎందుకు కుదరదో చెప్పండి. అది కూడా జవాబే.

మీలో ఎవరైనా ఈ దారిలో వస్తానంటే నేను తోడు వస్తాను. సైరను బండిలో కాకుండా మా కారులో, అమ్మానాయనలతో రండి. సద్ది మేమే కట్టుకొస్తాం. గంటకోసారి నాయన ఆపమంటారు. ఆపే చోటు మీరు చూపించండి.

దసరాకు మళ్లీ బయలుదేరుతున్నాం. ఈసారి సద్ది ఎక్కడ విప్పుదామని అమ్మ ఇప్పటినుంచే అడుగుతోంది. మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
హైదరాబాదు – అనంతపురం దారి బాటసారి